యాయావరులును పల్నాటి పల్లెయును

గుంటూరునుండి సత్తెనపల్లి మీఁదుగా పిడుగురాళ్లకు పోవు త్రోవలో రాజుపాలెమను గ్రామము కలదు. నేఁడు ఇది పల్నాడు జిల్లాలో ఒక మండలమునకు ముఖ్యస్థానము. ఆ జిల్లా 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన, నరసరావుపేట ముఖ్యపట్టణముగా, ప్రాఁత గుంటూరు జిల్లానుండి వేఱుపడి యేర్పడినది. గ్రామనామమున 'పాలెము' అను నుత్తరపదము విచారింపఁదగినది. ఇది 'పాళెము' అను పదమునకు రూపాంతరము. పాళెమనఁగా దండు విడిసినచోటు, శిబిరము. దక్షిణమున మేట్టుపాళయము మొదలగు ఊరిపేళ్లయందును, 'పాళెగాఁడు' అను మాటయందును ఈ శబ్దమే కలదు. శిబిరము నిలుకడ చెంది పల్లె యగుటచే శబ్దమునకు చిన్నయూరను అర్థము తరువాత కలిగెను. కాఁబట్టి తిరుగువారు ఒకనాఁడు దిగి నిలిచినచోట ఊరు వెలయుట యను చరిత్రము ఈ మాటలోనే యిమిడి యున్నది. రాజుపాలెము వంటి పల్నాటి పల్లెలకు ఏఁటేఁట వచ్చిపోవు సంచారకుటుంబములను గూర్చి విచారించువారు ఈ విషయమును మొదట గుర్తింపవలయును. నిలిచినవారును తిరుగువారును పుట్టుకచేతనే రెండు వేఱు జాతులని తలఁచుటకు భాష యొప్పుకొనదు.

సంస్కృతమున సంచారశీలునకు యాయావరుఁడని పేరు. ఈ శబ్దసాధనము మిక్కిలి రమ్యమైనది. 'యా' ధాతువునకు పోవుట యర్థము. దానిమీఁద యఙ్ ప్రత్యయము వచ్చి ద్విత్వము కాఁగా, ఆపై వరచ్ ప్రత్యయము చేరి 'యాయావర' శబ్దము సిద్ధించును. ఈ విధి అష్టాధ్యాయి తృతీయాధ్యాయము ద్వితీయపాదమున 176వ సూత్రమున నున్నది. దానికి ముందటి 175వ సూత్రమున 'స్థా' ధాతువునకు ఆ వరచ్ ప్రత్యయమే విధింపఁబడి 'స్థావర' శబ్దము కలిగినది. నిలుచువాఁడును తిరుగువాఁడును పాణినీయమున ఇరుగుపొరుగువారు, ఇరువురకును ప్రత్యయమొకటియే. ఆ ప్రత్యయమునకు తాచ్ఛీల్యాదు లర్థములు. అనఁగా ఆ పనియే స్వభావముగాఁ గలవాఁడు, అది ధర్మముగాఁ గలవాఁడు, దానిని చక్కఁగా నెఱవేర్చువాఁడు అని యర్థము. యాయావరునకు తిరుగుట దిక్కులేమిచేత కలిగిన యవస్థ కాదు. అది యతని శీలము, ధర్మము, నేర్పు.

ఇందొక విశేషము కలదు. గమనార్థకములైన ధాతువులకు యఙ్ ప్రత్యయము కౌటిల్యార్థముననే వచ్చునని తృతీయాధ్యాయము ప్రథమపాదమున 23వ సూత్రము శాసించుచున్నది. వంకరగా నడచుట చంక్రమణము. ఇట్లే గమ్ ధాతువునుండి 'జంగమ' శబ్దము పుట్టినది. తెనుఁగువారి జంగములకు ఆ పేరే యున్నది. ఇచ్చట కౌటిల్యమనఁగా త్రోవయొక్క వంకరయే కాని మనస్సుయొక్క వంకర కాదు. తిన్నని బాటను పట్టి గమ్యమునకు చేరి యూరకుండువాఁడు యాయావరుఁడు గాఁడు. ఒక యూరినుండి మఱియొక యూరికి, అచ్చటినుండి వేఱొక యూరికి చుట్టుచు, ఏఁడు తిరిగివచ్చుసరికి మొదటి యూరికే మరల వచ్చువాఁడు యాయావరుఁడు. త్రోవ వంకరయని చెప్పిన మాటను నడత వంకరయని గ్రహించుటచే ఎంత కీడు వాటిల్లెనో ముందు తేటపడును.

ధర్మశాస్త్రకారులును వీరిని గృహస్థులలోనే లెక్కించిరి. బౌధాయనుఁడు గృహస్థులను చెప్పునప్పుడు శాలీనులను, యాయావరులను, చక్రచరులను పేర్కొనెను. శాల నాశ్రయించి యుండువాఁడు శాలీనుఁడు. శ్రేష్ఠమైన వృత్తితో పోవువాఁడు యాయావరుఁడు అని యచ్చట నిర్వచనము. లోకమున శాలీనశబ్దమునకు వినయవంతుఁడను మంచి యర్థము స్థిరపడెను. యాయావర శబ్దమునకు అట్టి భాగ్యము కలుగలేదు. అయినను కావ్యమీమాంసాకర్త యైన రాజశేఖరుఁడు తాను యాయావరవంశీయుఁడనని గౌరవముతోనే చెప్పుకొనెను.

పల్లెకు వచ్చు నిట్టివారిని అతిథులనవచ్చునా యను ప్రశ్న యొకటి కలదు. తిథినియమము లేనివాఁడు అతిథి యని వాడుకలోనున్న వ్యుత్పత్తి. ఆ లెక్కను వీరు అతిథులు కారు. వీరి రాకకు కాలము నియతము. కాని యాస్కుఁడు నిరుక్తమున వేఱొక నిర్వచనముకూడ నిచ్చెను: తిథులయందు పరగృహములకు వచ్చువాఁడు అతిథి యని. పల్నాటి పల్లెల సంచారకుటుంబములకు ఈ నిర్వచనమే సరిపోవును. వారు ఎప్పుడు వత్తురో గృహస్థునకు తెలియును. ఏ యింట ఏమి లభించునో వారికి తెలియును.

ఆ కాలనియమమును తెలిసికొనవలెనన్న పంటల క్రమమును చూడవలయును. కృష్ణానది కుడికాలువ రాకముందు పల్నాడు మెట్టసీమ. జొన్న, సజ్జ, ఆముదము, ప్రత్తి మున్నగునవి వానమీఁద నాధారపడి పండెడివి. శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులు పల్నాటి జొన్నకూటిని గేలిచేయుట సాహిత్యపరు లెల్లరును ఎఱిఁగినదే. ధాన్యము ఇంట చేరిన కాలమే సంచారులు వచ్చు కాలము. ధనుర్మాసమున తెల్లవాఱుజామున తంబురయు చిడుతలును పట్టి, తలపై పాత్ర నుంచుకొని హరిదాసు వచ్చును. సంక్రాంతికి సన్నాయియు డోలును మ్రోయ గంగిరెద్దులవారు వత్తురు. చీఁకటి విడకముందే డమరుకము వాయించుచు బుడబుక్కలవారు వీధివీధిని శుభము పలికిపోవుదురు. జొన్నలు కల్లములకు చేరు మాఘఫాల్గునములలో పగటివేషధారులు, తోలుబొమ్మలవారు, గడయెక్కి త్రాటిపై నడచు దొమ్మరులు వచ్చెడివారు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లు, కార్తికమున కారెంపూడి యుత్సవము వీరి త్రోవలకు రెండు గుఱుతులవంటివి.

వీరి రాకకు పద్ధతి కలదు. కుటుంబములు ఊరిలోనికి తటాలున చొరఁబడవు. ఊరి వెలుపల చెఱువుగట్టునఁగాని తోఁటయందుఁగాని విడిసి, పెద్దలు గ్రామమునసబును, కరణమును చూచి తమ రాకను విన్నవించుకొనెడివారు. పిమ్మటనే యాటపాటలు. పగటివేషముల వారు పలుదినములు ఒకే యూర నిలిచి, దినమున కొక వేషము వేసి, కడపటి దినముననే యింటింట సంభావన గ్రహింతురు. పూర్తిగా పని చేసిన పిదప కూలి యడుగు న్యాయమే యిది. కల్లముకడ వడ్రంగికి, కమ్మరికి, చాకలికి మేర కొలిచి యిచ్చునట్లే, తమ కులము నాశ్రయించిన గాయకులకును రైతులు గింజలు కొలిచెడివారు. ఏ కుటుంబమున కే యూళ్లు చెల్లునో పంపకములుండెడివి. ఆ హక్కు తండ్రినుండి కొడుకులకు సంక్రమించును. ఒకరి యూరికి మఱియొకరు వచ్చిన తగవు కలుగును. కులపెద్దలు దానిని తీర్తురు. ఇంత కట్టుబాటు గల జీవనమును 'బిచ్చము' అను నొక్కమాటతో తేల్చుట తగదు. బిచ్చము దాత దయ. మేర పుచ్చుకొనువాని హక్కు.

ఈ భేదమును పిచ్చుకుంటులయందు స్పష్టముగా చూడవచ్చును. వీరు రెడ్లు, కమ్మవారు, వెలమలు మున్నగు కులముల యిండ్లకు పోయి గోత్రములను వంశక్రమములను చెప్పువారు. వీరి పేరునకు వ్యుత్పత్తులు రెండు వినఁబడును. భిక్షాశబ్దభవమైన 'బిచ్చ' శబ్దము 'పిచ్చ' యై, దానికి 'కుంటి' చేరినదని యొకటి. ఈ పక్షమునకు ఒక కథ తోడ్పడుచున్నది. ఒక కాఁపునకు నూటయొక్కరు కొడుకులు పుట్టిరనియు, వారిలో నొకఁడు కుంటివాఁడు కాఁగా తక్కిన నూర్గురు అతనిని అతని సంతతిని పోషింతుమని ఒడఁబడి రనియు, అందులకు ప్రతిగా అతఁడు అన్నదమ్ముల వంశములను కీర్తింప నారంభించె ననియు చెప్పుదురు. ఎడ్గార్ థర్స్టన్ 1909వ సంవత్సరమున ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమున ఈ కథ చేరినది. బిచ్చమెత్తువారి కూటమియను వేఱొక యర్థమును అందే కలదు. కథ చారిత్రకసత్యము కాకపోవచ్చును. కాని యందలి న్యాయము గమనింపఁదగినది. పుచ్చుకొనువాఁడు పరాయివాఁడు గాఁడు, తోఁబుట్టువు. ఇచ్చునది దానము గాదు, భాగము. నేఁడు ప్రభుత్వపు జాబితాయందు వీరికి 'వంశరాజ్' అను పేరు కలదు. పేరు మాఱుట చిన్నవిషయము కాదు. పిలుపులోని యవమానమును తొలఁగించుకొని వృత్తిలోని గౌరవమును నిలుపుకొనుట యది.

వీరి విద్యవలన పల్లెకు కలిగిన మేలు గొప్పది. వ్రాఁత రాని కాలమున మూఁడు నాలుగు తరముల పైమాట ఏ యింటివారికిని తెలియదు. వలసపోయిన శాఖ యెచ్చట స్థిరపడెనో, ఇంటిపేరు ఎట్లు వచ్చెనో పిచ్చుకుంటు చెప్పిననే తెలియును. నిలిచియున్న యింటి జ్ఞాపకమును తిరుగువాఁడు మోసికొని తిరిగెను. గొల్లలకు కొమ్ములవారు కాటమరాజు కథను ఇట్లే కాపాడిరి. కులములవారు తమ చరిత్రమును తమ యిండ్లలో దాచుకొనలేక యాశ్రితుల కంఠములలో దాచిరి.

పల్నాటికి విశేషకీర్తి తెచ్చిన వీరగాథయు నీవిధముననే నిలిచినది. నాగమ్మ, బ్రహ్మనాయుఁడు, బాలచంద్రుఁడు మున్నగువారి కథను వీరవిద్యావంతులు అను మాలకులపు గాయకులు తరతరములుగా పాడుచున్నారు. కారెంపూడిలో కార్తికబహుళామావాస్యతో నారంభించి రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యైదుదినములు వీరుల యుత్సవము సాగును. ఏ దినమునకు చెల్లు కథ ఆ దినమున పాడఁబడును. శ్రీనాథుఁడు దీనిని మంజరీద్విపదయందు కావ్యముగా రచించెను. ఓరుగంటి వీథులలో పల్నాటి వీరులకథను ఒక స్త్రీ పాడుట క్రీడాభిరామమున వర్ణింపఁబడినది. కృష్ణానదికి దక్షిణమున పుట్టిన పాట నది దాఁటి కాకతీయ రాజధానికి చేరినదన్నమాట. తిరిగిపాడు గాయకులు లేక పాట యట్లు ప్రయాణము చేయునా? అక్కిరాజు ఉమాకాంతముగారు 1911వ సంవత్సరమున శ్రీనాథుని కావ్యమును ప్రకటించి పండితులకు తెలిపిరి. అమెరికా పండితుఁడు జీన్ రోగేర్ కారెంపూడిలో విద్యావంతుల నోటి పాటను సేకరించి, దానిని ఇంగ్లీషులోనికి పరివర్తించి 1982వ సంవత్సరమున గ్రంథముగా వెలువరించెను. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణము శ్రీశైలయాత్రలో కానవచ్చు నాటపాటల నెన్నింటినో వర్ణించుచున్నది. తెనుఁగు కావ్యము ఈ తిరుగుకళలకు ఎంత ఋణపడెనో ఇందువలన తెలియును.

పాటపాడి జీవించువారే కాక, సరకు మోసి జీవించువారును వచ్చెడివారు. సముద్రతీరపు టుప్పును లోపలి సీమలకును, లోపలి ధాన్యమును తీరమునకును పెఱికెడ్లమీఁద లంబాడీలును, గాడిదలమీఁద ఎఱుకలవారును తెచ్చిపెట్టెడివారు. ఎఱుకలవారు బుట్టలల్లుదురు, వారి స్త్రీలు సోదె చెప్పుదురు. 'ఎఱుక' యనఁగా జ్ఞానము. కులమునకు ఆ పేరే యుండుట విశేషము. పందొమ్మిదవ శతాబ్దియుత్తరార్ధమున రైలుమార్గములు, ఉప్పుమీఁది సర్కారు కట్టడులు ఈ వ్యాపారమును దెబ్బతీసెను. బరువు మోయువారికి బరువు లేకపోయెను. తిరుగుట మాత్రము మిగిలెను.

అట్టి సమయమున శాసనము వారి తిరుగుటనే నేరముగా పరిగణించెను. 'నేరస్థజాతుల' శాసనము 1871వ సంవత్సరమున ఉత్తరదేశమున పుట్టి, 1911వ సంవత్సరపు శాసనముచే మద్రాసు రాజధానికి వ్యాపించి, 1924వ సంవత్సరమున మరల కూర్పఁబడెను. ప్రకటితమైన తెగలో పుట్టినవాఁడు ఏ నేరము చేయకున్నను పేరు నమోదు చేయించుకొనవలయును, వ్రేలిముద్ర లీయవలయును, హాజరు చెప్పవలయును. అట్టివారి రాకపోకలను గూర్చి ఠాణాకు తెలుపు బాధ్యత గ్రామపు పెద్దలపై నుంచఁబడెను. పూర్వము ఏ మునసబునకు నమస్కరించి తమ రాకను విన్నవించుకొనిరో, ఆ మునసబే వారిని లెక్కించి రక్షకభటులకు తెలుపవలసినవాఁ డయ్యెను. విన్నపము వాఙ్మూల మయ్యెను, అతిథి యనుమానితుఁడయ్యెను. ఎఱుకలవారిలోను మఱికొన్ని తెగలలోను కుటుంబములకు కుటుంబములు బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురము, కృష్ణాతీరపు సీతానగరము మున్నగు నివాసములకు తరలింపఁబడెను. ఆ నివాసములను నడపు భారము సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘమునకు అప్పగింపఁబడెను. త్రోవయొక్క కౌటిల్యమును నడతయొక్క కౌటిల్యముగా చదివిన దోషమున కిది ఫలము.

మద్రాసు ప్రభుత్వము 1947వ సంవత్సరమున ఈ శాసనమును రద్దుచేసెను. తిరుపతి ప్రాంతపు వారగు మాడభూషి అనంతశయనం అయ్యంగారి యాధ్వర్యమున విచారణసంఘము 1949వ సంవత్సరమున ఏర్పడి, దేశమంతటను ఈ శాసనము తొలఁగవలెనని చెప్పెను. 1952వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన అది తొలఁగినది; అప్పటినుండి యా తెగలకు 'విముక్తజాతులు' అను పేరు కలిగినది. శాసనము పోయినను దాని నీడ పోలేదు. ఊర దొంగతనము జరిగినంతనే గుడారములవైపు చూచు నలవాటు ఏ పుస్తకమునను లేదు. అందుచే దానిని రద్దుచేయుటయు సులభము కాదు.

పల్లెయును మాఱినది. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967వ సంవత్సరమున కాలువలకు నీరు విడువఁబడెను. కుడికాలువ పాఱిన పల్నాటి పొలములలో వరి, మిరప, ప్రత్తి విస్తరించెను. మిరపను ప్రత్తిని కల్లమున కొలిచి యీయరు. అవి బజారునకు పోయి రూపాయలుగా తిరిగివచ్చును. గింజ కొలుచు చేయి రూపాయి లెక్కించునప్పుడు ముడుచుకొనుట లోకస్వభావము. మేర పోయెను, చిల్లర మిగిలెను. మునసబు కరణముల పదవులు 1984వ సంవత్సరమున పోయినవి. విడిదికి అనుమతి యిచ్చు పెద్దయు, తగవు తీర్చు పెద్దయు లేఁడాయెను. ఊరి వెలుపలి బీళ్లు సాగులోనికి వచ్చినవి. చలనచిత్రములును దూరదర్శనమును బొమ్మలాటవారి తెఱను దింపివేసెను.

ఇఁక నిలుకడ చెందుదమన్నను మార్గము సుగమము కాదు. ఆంధ్రప్రదేశమున వెనుకఁబడిన తరగతుల జాబితాయందు మొదటిదగు 'ఏ' వర్గమునకు ఆదిమతెగలు, విముక్తజాతులు, సంచార అర్ధసంచారజాతులు అని శీర్షిక. ఎఱుకలవారును సుగాలీలును షెడ్యూల్డు తెగలలో నున్నారు. కాని జాబితాలోని మేలు పొందుటకు కులపత్రము కావలయును. కులపత్రమునకు నివాసము కావలయును. 'మీ దే యూరు?' అను ప్రశ్నకు ఇరువదియూళ్లు తమవైనవారు ఒక్కయూరిని చూపలేకపోవుదురు. విముక్త సంచారజాతుల స్థితిని విచారించిన రేణ్కే సంఘము 2008వ సంవత్సరమున నివేదిక సమర్పించినది. నివాసమును గుర్తింపుపత్రములును లేమి ఈ జాతుల ముఖ్యమైన యిక్కట్లలో నొకటి. రాజుపాలెమువంటి పల్లెలో ఒక కుటుంబము పది తరములుగా ఏఁటేఁట వచ్చియుండవచ్చును; ఊరిలోని ఇంటింటి వంశమును వల్లించియుండవచ్చును; ఆ కుటుంబపు బాలుఁడు మాత్రము ఆ యూరి బడిలో చేరునప్పుడు స్థానికుఁడని నిరూపించుకొనవలసియున్నది. ఊరి జ్ఞాపకమును మోసినవాని జ్ఞాపకము ఊరి దస్త్రములలో లేదు.

సాహిత్యపరిశోధకులకు ఇందు కర్తవ్యము స్పష్టము. గాథలను మాత్రము సేకరించి గాయకుని విడుచుట సగము పని. మొదట, ఏ కుటుంబము ఏ యూళ్ల త్రోవన తిరిగెనో, ఏ యింట ఏ మేర చెల్లెనో తెలియు వృద్ధులు ఉభయపక్షములను ఇంకను కలరు. రైతు నడుగుటతో తృప్తిపడక సంచారినికూడ నడిగి, రెంటిని సరిచూచి వ్రాయవలయును. రెండవది, గాథను వ్రాసికొనునప్పుడు పాడినవాని పేరు, అతని గురుపరంపర, అతఁడు పాడినచోటు తప్పక చేర్పవలయును. కావ్యమునకు కర్తృనామమెంతయో గాథకు గాయకనామమంత. మూఁడవది, అట్లు వ్రాసిన ప్రతిని ఆ కుటుంబమునకే యీయవలయును. ఒక కుటుంబము ఫలానియూర తరతరములుగా వచ్చి విడిసినదని తెలుపు వ్రాఁత గ్రంథాలయమున పరిశోధనమగును. ఆ కుటుంబపు చేతిలో సాక్ష్యమగును. బడికి పోవు బాలునకు ఆ సాక్ష్యము అక్కఱ.